ఇంధన వివేకం: పెరటిలోని ట్యాంకు చెప్పిన జవాబు

ఈ శీర్షిక ప్రారంభమైన నాటి నుండి మీరు పంపిన సందేహాలు ఎన్నింటికో మాకు తెలిసిన మేరకు జవాబులు ఇస్తూ వచ్చాము. కొన్నింటికి ఆలస్యంగా ఇచ్చాము, కొన్నింటికి క్లుప్తంగా ఇచ్చాము. కాని ఇచ్చిన జవాబును బహిరంగంగా వెనక్కు తీసుకోవలసి రావడం మాత్రం ఇదే మొదటిసారి. గత సంచికలో ఒక పూర్వ సహోద్యోగికి మేము ఇచ్చిన సలహా ఆ ఇంటికి వర్తించదు. కూడికలలో, గుణకారాలలో పొరపాటు లేదు. లెక్కకు ఆధారమైన ఇంధనమే వేరు. ఆ తప్పు ఎలా జరిగిందో, సరియైన జవాబు ఏమిటో ఈ సంచికలో వివరంగా విన్నవించుకుంటున్నాము.

గత సంచిక చూడని వారి కోసం పూర్వాపరాలు చెబుతాము. మా మిత్రులు మన సంస్థలో ముప్పై మూడు సంవత్సరాలు టర్బైన్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశారు. ప్రస్తుతం సతీసమేతంగా అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగరానికి వెలుపల, కుమార్తె ఇంట ఉన్నారు. అక్కడ చలికాలం ప్రవేశించక ముందే ఇంటిని వెచ్చబరిచే యంత్రాన్ని పరీక్ష చేయించుకోవడం ఆనవాయితీ. పరీక్షకు వచ్చిన మెకానిక్ ఇరవై యేళ్ల నాటి ఫర్నేస్‌లోని హీట్ ఎక్స్చేంజర్‌కు పగులు వచ్చినట్లు గుర్తించాడు. దానిని వాడరాదని చెప్పి, అక్కడికక్కడే ఆపివేసి వెళ్లాడు.

పగిలిన హీట్ ఎక్స్చేంజర్ అంటే ఏమిటో మన సిబ్బందికి వేరుగా చెప్పనవసరం లేదు. పొగగొట్టం ద్వారా బయటికి పోవలసిన వాయువులు ఇంటిలోని గాలితో కలిసే ప్రమాదం ఉన్నది. ఆ వాయువులలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే దానికి రంగు లేదు, వాసన లేదు. ఆ ఇంటిలో నెలల పసిబిడ్డ ఉన్నాడు. అందువల్ల కుమార్తె, "ఇక ఇంటిలో మంట అన్నదే వద్దు, హీట్ పంప్ పెట్టిద్దాం" అన్నది. అల్లుడు గారు మాత్రం, "మైనస్ 15 డిగ్రీల రాత్రి ఆ పంపు చేతులెత్తేస్తే పసివాడి గతేమిటి? కొత్త ఫర్నేస్ కొనడమే క్షేమం" అన్నారు. చివరికి ఇద్దరూ మా మిత్రుల వైపు తిరిగి, "జీవితమంతా ఆవిరితో, వేడితో పనిచేశారు కదా, మీరే చెప్పండి" అన్నారు. ఇంటి పెద్ద ఏమి చెప్పినా ఒకరు నొచ్చుకుంటారు. ఆయన తెలివిగా ఆ బాధ్యతను మా మీదికి నెట్టారు.

వారి లేఖలో "గ్యాస్ ఫర్నేస్" అని ఉన్నది. ఆ మాట చదవగానే భూమిలో వేసిన గొట్టం ద్వారా ఇంటికి వచ్చే సహజవాయువు అనుకున్నాము. లెక్క కట్టాము. "నిస్సందేహంగా కొత్త గ్యాస్ ఫర్నేస్ కొనండి" అని రాశాము. పత్రిక చేరిన రెండు రోజులకు మిత్రుల నుండి జవాబు వచ్చింది. "మీరు థర్మ్‌లలో లెక్క వేశారు. మా బిల్లులో థర్మ్ అన్న మాటే లేదు. గాలన్లు అని ఉన్నది. పెరటిలో పొడుగాటి తెల్లని ట్యాంకు ఉన్నది. ఏడాదికి నాలుగైదు సార్లు లారీ వచ్చి నింపిపోతుంది. మీ సలహా చదివి అల్లుడు గారు సోమవారం నాడు ఫర్నేస్‌కు బయానా ఇవ్వబోతున్నారు. ఈ లోగా ఒక్క మాట చెప్పండి" అన్నది దాని సారాంశం.

ఆ లేఖ చదివి మేము నాలుక కరుచుకున్నాము. ఆ ట్యాంకులో ఉన్నది సహజవాయువు కాదు, ప్రొపేన్. మన వంటింటి సిలిండరులోని వాయువుకు దగ్గరి చుట్టము. పట్టణాలకు దూరంగా, గొట్టాలు వేయని ప్రాంతాలలో అమెరికా వారికి అదే ఆధారం. ఆ దేశంలో ఇళ్లలో ప్రొపేన్ అత్యధికంగా వాడే రాష్ట్రం మిచిగనే. ఈ సంగతి తెలిసి ఉండి కూడా మేము అడగవలసిన ప్రశ్న అడగలేదు. "బయానా ఆపించండి, పూర్తి లెక్క పంపుతాము" అని వెంటనే మిత్రులకు కబురు చేశాము. ఆ లెక్కనే ఇప్పుడు మీ ముందు ఉంచుతున్నాము.

మొదట రెండు యంత్రాల స్వభావం తెలుసుకొందాము. ఇంటి ఫర్నేస్ అనగానే మన సిబ్బందికి ఉక్కు కరిగించే కొలిమి మనసులో మెదలవచ్చును. ఇది అంత పెద్దది కాదు. బీరువా పరిమాణంలో ఉండే ఇనుప పెట్టె. సాధారణంగా ఇంటి నేలమాళిగలో ఉంటుంది. లోపల బర్నర్లు, వాటి మంట ప్రసరించే లోహపు గదులు, వాటి మీదుగా గాలిని తోసే ఫ్యాను ఉంటాయి. వేడెక్కిన గాలి రేకు గొట్టాల గుండా గదులన్నింటికీ చేరుతుంది. పాత రకం ఫర్నేస్‌లు ఇంధనంలోని వేడిలో 80 శాతం వరకు ఇంటికి ఇచ్చి, మిగిలినది పొగగొట్టానికి అర్పిస్తాయి. కొత్త రకం కండెన్సింగ్ ఫర్నేస్‌లు పొగలోని నీటి ఆవిరిని కూడా చల్లార్చి, ఆ గుప్తోష్ణాన్ని రాబట్టుకొని 95 శాతం వరకు ఇస్తాయి. ఎంత గొప్ప ఫర్నేస్ అయినా 100 శాతం దాటదు. వేడిని పుట్టించే యంత్రానికి అదే హద్దు.

హీట్ పంప్ వేడిని పుట్టించదు. ఉన్నచోటి నుండి తెచ్చి పెడుతుంది. మన రిఫ్రిజిరేటరు వెనుక చేయి పెట్టి చూడండి. లోపలి పాలగిన్నె నుండి లాగిన వేడి వెనుక తీగల నుండి వెలువడుతూ ఉంటుంది. పాలగిన్నె స్థానంలో ఇంటి బయటి గాలిని, వెనుక తీగల స్థానంలో ఇంటి లోపలి గాలిని ఊహించుకుంటే అదే హీట్ పంప్. మిత్రుల వంటి టర్బైన్ ఇంజనీర్లకు ఇంకొక విధంగా చెప్పవచ్చును. మన యంత్రం వేడిని ఎత్తు నుండి పల్లానికి దిగనిచ్చి, ఆ దిగుడులో శక్తిని పిండుకుంటుంది. హీట్ పంప్ శక్తిని ఖర్చు పెట్టి వేడిని పల్లం నుండి ఎత్తుకు తోడుతుంది. ఏతం నీటిని ఎత్తినట్లు ఇది వేడిని ఎత్తుతుంది. తోడే శ్రమకే ఖర్చు, నీటికి కాదు.

"గడ్డకట్టే చలిలో బయటి గాలిలో వేడి ఎక్కడిది?" అని అల్లుడు గారు అడిగారట. అందరికీ వచ్చే సందేహమే. సున్నా డిగ్రీలన్నది నీటికి హద్దే గాని, వేడికి హద్దు కాదు. వేడి పూర్తిగా నశించే హద్దు మైనస్ 273 డిగ్రీలు. ఆ కొలత ప్రకారం మైనస్ 15 డిగ్రీల గాలిలో కూడా వేడి సమృద్ధిగా ఉన్నది. నేడు ఈ యంత్రాలలో వాడే ఆర్-32 అనే శీతలకం సాధారణ వాతావరణ పీడనంలో మైనస్ 52 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. దాని దృష్టిలో మిచిగన్ చలిగాలి పొయ్యి మీది సెగ వంటిది. ఆ గాలికే అది ఆవిరి అవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని అదిమి వేడెక్కించి, ఇంటిలోపల చల్లారనిస్తుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1824లో ఫ్రెంచి ఇంజనీరు సాది కార్నో ఉష్ణ యంత్రాల సూత్రాన్ని చెప్పాడు. దానిని తిరగవేసి ఇళ్లను వెచ్చబరచవచ్చునని 1852లో విలియం థామ్సన్, అనగా తరువాతి కాలపు లార్డ్ కెల్విన్, ప్రతిపాదించాడు. ఆస్ట్రియాకు చెందిన పీటర్ రిట్టింగర్ 1850లలోనే ఎబెన్సే ఉప్పు కర్మాగారంలో ఉప్పునీటిని ఆవిరి చేయడానికి ఇటువంటి యంత్రాన్ని నిర్మించాడు. స్విట్జర్లాండులో జూరిచ్ నగర సభాభవనాన్ని 1938లోనే లిమ్మాట్ నది నీటి నుండి తోడిన వేడితో వెచ్చబరిచారు. చలికి పేరుపడిన నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాలలో నేడు హీట్ పంప్ సర్వసాధారణం. అమెరికాలో సైతం 2022లో వీటి అమ్మకాలు గ్యాస్ ఫర్నేస్‌ల అమ్మకాలను దాటిపోయాయి.

అయితే ఏతానికి లోతు పెరిగిన కొద్దీ శ్రమ పెరిగినట్లే, చలి పెరిగిన కొద్దీ హీట్ పంప్‌కు కష్టం పెరుగుతుంది. ఒక యూనిట్ విద్యుత్తు ఖర్చు చేస్తే ఎన్ని యూనిట్ల వేడి ఇంటికి చేరుతుందో ఆ సంఖ్యను సీఓపీ అంటారు. లోపల 20 డిగ్రీలు, బయట 0 డిగ్రీలు ఉన్నప్పుడు కార్నో సూత్రం అనుమతించే గరిష్ఠం దాదాపు 14.6. బయట మైనస్ 15 అయితే అది 8.4కు దిగుతుంది. నిజమైన యంత్రాలకు ఘర్షణ, పీడన నష్టాలు ఉంటాయి కనుక అంత రాదు. మంచి యంత్రానికి 0 డిగ్రీల దగ్గర 3 ప్రాంతంలో, మైనస్ 15 దగ్గర 2 ప్రాంతంలో వస్తుంది. వెనుకటి ఒకే వేగపు యంత్రాలు గట్టి చలిలో చతికిలబడేవి. అల్లుడు గారి భయానికి మూలం ఆ రోజుల అనుభవమే. ఇన్వర్టర్ కంప్రెసర్లు వచ్చిన తరువాత పరిస్థితి మారింది. శీతల ప్రాంతాలకని ప్రత్యేకంగా తయారయ్యేవి మైనస్ 15 దాటి కూడా నడుస్తాయి. డెట్రాయిట్ ప్రాంతంలో ఇంటి తాపభారం లెక్కించడానికి తీసుకునే బయటి ఉష్ణోగ్రత సుమారు మైనస్ 15 డిగ్రీలే. జనవరి నెల సగటు మైనస్ 4 ప్రాంతంలో ఉంటుంది. అనగా చలికాలంలో ఎక్కువ రోజులు యంత్రం సుఖంగా పనిచేసే పరిధిలోనే ఉంటాయి.

ఇప్పుడు గత సంచికలో మేము వేసిన లెక్కను ఒకసారి స్మరించుకొందాము. ఒక థర్మ్ సహజవాయువులో 29.3 యూనిట్ల వేడి ఉన్నది. 95 శాతం ఫర్నేస్‌లో 27.8 యూనిట్లు ఇంటికి దక్కుతాయి. థర్మ్ ధరను 1 డాలరు 10 సెంట్లుగా తీసుకున్నాము. కనుక ఇంటికి చేరిన ఒక్కొక్క యూనిట్ వేడి ఖరీదు 4 సెంట్లు. ఆ ఇంటి బిల్లులో విద్యుత్తు యూనిట్‌కు 19 సెంట్లు పడుతున్నది. ఆ ధర వద్ద హీట్ పంప్ గ్యాసుతో సమానం కావాలంటే చలికాలమంతటి సగటు సీఓపీ 4.8 ఉండాలి. మిచిగన్ చలిలో అది అసాధ్యం. గొట్టపు గ్యాసు ఉన్న ఇంటికి, ఆ ధరల వద్ద, మా పాత సలహా ఈనాటికీ సరియైనదే.

పెరటిలోని ట్యాంకు ఈ లెక్కనంతా తలకిందులు చేసింది. ఒక గాలన్, అనగా సుమారు 3.8 లీటర్ల ప్రొపేన్‌లో 26.8 యూనిట్ల వేడి ఉన్నది. 95 శాతం ఫర్నేస్‌లో ఇంటికి చేరేది 25.5 యూనిట్లు. మిత్రులు పంపిన బిల్లు ప్రకారం గాలన్ ధర 2 డాలర్ల 40 సెంట్లు. అంటే ఒక యూనిట్ వేడి ఖరీదు 9.4 సెంట్లు, గొట్టపు గ్యాసుకు రెండింతలకు పైమాటే. ఇప్పుడు హీట్ పంప్ గెలవడానికి కావలసిన సీఓపీ 2 మాత్రమే. అది మైనస్ 15 డిగ్రీల దగ్గర కూడా అందే సంఖ్య. గోడలు అవే, చలి అదే, యంత్రాలు అవే. ఇంధనం పేరు ఒక్కటి మారేసరికి జవాబు పూర్తిగా మారిపోయింది.

సంవత్సరం మొత్తానికి ఎంత తేడా వస్తుంది? గడచిన చలికాలంలో ఆ ఇంటిలో 1,000 గాలన్లు ఖర్చయినవి. పాత 80 శాతం ఫర్నేస్ లెక్కన ఇంటికి చేరిన వేడి 21,400 యూనిట్లు, ఖర్చు 2,400 డాలర్లు. అదే వేడి కొత్త 95 శాతం ప్రొపేన్ ఫర్నేస్‌తో 840 గాలన్లకు, 2,016 డాలర్లకు వస్తుంది. హీట్ పంప్ ఒక్కదానితోనే నెట్టుకొస్తే, కాలమంతటి సగటు సీఓపీ 2.6 అనుకొన్నా 8,230 యూనిట్ల విద్యుత్తుకు సుమారు 1,564 డాలర్లు అవుతుంది. మూడవ మార్గం ఒకటి ఉన్నది. హీట్ పంప్‌ను, చిన్న ఫర్నేస్‌ను ఒకే గాలి గొట్టాలకు కలపడం. మైనస్ 12 డిగ్రీల వరకు పంపు, అంతకు మించిన చలిలో ఫర్నేస్ పనిచేసేటట్లు థర్మోస్టాట్‌లో ఏర్పాటు చేస్తారు. 85 శాతం వేడిని పంపు 2.8 సీఓపీతో, 15 శాతం వేడిని ఫర్నేస్ ఇచ్చాయనుకుంటే మొత్తం 1,536 డాలర్లు. ఫర్నేస్ ఒక్కదానితో పోలిస్తే ఏడాదికి 480 డాలర్ల ఆదా.

ఇక పెట్టుబడి. ఆ ఇంటిలోని ఎయిర్ కండిషనరు కూడా ఫర్నేస్ వయసుదే. అందులో ఉన్నది ఆర్-22. ఆ శీతలకం కొత్తగా తయారు చేయడం, దిగుమతి చేసుకోవడం అమెరికాలో 2020 జనవరి 1 నుండి నిషిద్ధం. కనుక నేడో రేపో దానినీ మార్చక తప్పదు. హీట్ పంప్ వేసవిలో తానే ఎయిర్ కండిషనరుగా పనిచేస్తుంది. అందువల్ల పోల్చవలసింది ఫర్నేస్ ధరను, పంపు ధరను కాదు. "ఫర్నేస్, ఏసీ" జతను, "ఫర్నేస్, హీట్ పంప్" జతతో పోల్చాలి. కాంట్రాక్టరు ఇచ్చిన అంచనాలలో ఈ రెండు జతల మధ్య తేడా 4,000 డాలర్లు. ఏడాదికి 480 చొప్పున ఎనిమిదేళ్లు దాటిన తరువాత పెట్టుబడి తిరిగి వస్తుంది. యంత్రం ఆయుర్దాయం పదిహేనేళ్లు అనుకొంటే 3,200 డాలర్లు మిగులు. 2022 నాటి చట్టం ప్రకారం హీట్ పంప్‌లకు 2,000 డాలర్ల వరకు లభించిన కేంద్ర పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. అందుచేత దానిని ఈ లెక్కలో చేర్చలేదు.

లెక్కలకు అందని విషయాలు కూడా కొన్ని ఉన్నవి. ఇవి ముందుగా తెలియకనే చాలామంది హీట్ పంప్‌ను తిట్టుకుంటారు. ఫర్నేస్ నుండి వచ్చే గాలి 50 డిగ్రీలకు పైగా ఉంటుంది. పంపు నుండి వచ్చేది 35 నుండి 45 డిగ్రీలు. గది వెచ్చబడుతుంది గాని, గాలి ఎదుట చేయి పెడితే చుర్రుమనదు. మిత్రుల శ్రీమతి గారికి మోకాళ్ల నొప్పులట. గాలి సూటిగా తగిలే చోట ఆమె కుర్చీ వేయకుండా చూసుకోవాలి. బయటి యంత్రంపై మంచు పేరుకున్నప్పుడు అది కొద్ది నిమిషాలు తిరుగుదారి పట్టి ఆ మంచును కరిగించుకుంటుంది. అప్పుడు తెల్లని ఆవిరి మేఘంలా లేస్తుంది. దానిని పొగ అనుకొని కంగారు పడరాదు. బయటి యంత్రాన్ని మంచు పూడ్చివేయని ఎత్తులో, పీట మీద అమర్చాలి. రాత్రిళ్లు థర్మోస్టాట్ బాగా తగ్గించి తెల్లవారి ఒక్కసారిగా పెంచే అలవాటు ఫర్నేస్‌కు చెల్లుతుంది. పంపుకు చెల్లదు. అది నిలకడగా నడిచే ఎద్దు వంటిది, పరుగు పందెం గుర్రం కాదు.

అన్నింటికంటె ముఖ్యమైనది ఇల్లు. చిల్లికుండకు ఏ బావి నీళ్లయితేనేమి? అటక మీద తగిన ఇన్సులేషన్ లేక, కిటికీల సందులలో గాలి దూరుతూ ఉంటే ఏ యంత్రమైనా ఆ లోటును పూడ్చడానికే అలసిపోతుంది. సందులు మూసి, అటకను కప్పడం వల్ల ఇంటి తాప, శీతల వ్యయంలో సగటున 15 శాతం తగ్గుతుందని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ అంచనా. ఈ పని యంత్రం కొనక ముందే చేయించాలి. అప్పుడు చిన్న యంత్రమే సరిపోతుంది. పాత యంత్రం ఎంతదైతే కొత్తదీ అంతదే అనే కాంట్రాక్టరును నమ్మరాదు. గోడలు, కిటికీలు, అటక కొలిచి గదిగదికీ తాపభారం లెక్కించి ఇమ్మని అడగాలి. అమెరికాలో ఆ లెక్కకు "మాన్యువల్ జె" అనే ప్రామాణిక పద్ధతి ఉన్నది. అది ఇవ్వలేని వారికి పని ఇవ్వకపోవడమే మంచిది.

విద్యుత్ రంగంలో పనిచేసే వారు ఒక ఆక్షేపణ చెప్పవచ్చును. "బొగ్గు కాల్చి 36 శాతం విద్యుత్తు తీసి, దానితో మళ్లీ వేడి పుట్టించడం వృథా కాదా?" మామూలు హీటర్ విషయంలో నూటికి నూరుపాళ్లు వృథాయే. కాని 3 సీఓపీ ఉన్న పంపు ఆ 36ను 108 చేస్తుంది. లైన్లలో కొంత పోయినా, కాల్చిన ఇంధనంలో ఉన్నంత వేడి దాదాపుగా ఇంటికి చేరినట్లే. 55 శాతం సామర్థ్యం గల కంబైన్డ్ సైకిల్ కేంద్రం నుండి విద్యుత్తు వస్తే 165 అవుతుంది. టర్బైన్‌లో మనం పోగొట్టుకున్న దానిని పంపు బయటి గాలి నుండి తిరిగి తెస్తున్నది.

ఇదంతా రాసి మిత్రులకు మేము చెప్పిన తుది సలహా ఇది. ముందుగా అటక, సందులు. తరువాత హీట్ పంప్‌తో పాటు చిన్న ప్రొపేన్ ఫర్నేస్ జత. ఆ ఫర్నేస్ దహనానికి కావలసిన గాలిని గొట్టం ద్వారా బయటి నుండే తీసుకొని, పొగను బయటికే పంపే రకంగా ఉండాలి. ప్రతి అంతస్తులోను, పసివాడి పడకగది దగ్గర తప్పనిసరిగాను, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. కుమార్తె కోరినట్లు మంట చాలా అరుదవుతుంది. అల్లుడు గారు కోరినట్లు గట్టి చలి రాత్రికి ఆసరా ఉంటుంది. భవిష్యత్తులో ఆ వీధికి గ్యాసు గొట్టం వస్తే మాత్రం లెక్క మళ్లీ వేసుకోవాలి. ఈ సలహా ఇద్దరికీ నచ్చిందని, బయానా మార్చి ఇచ్చారని మిత్రులు రాశారు. యంత్రాలు బిగించే వరకు మనుమడిని రెండు గదులలో విద్యుత్ హీటర్ల మధ్య కాపాడుకుంటున్నారట.

మిచిగన్ కథ మనకేల అని కొందరు పాఠకులు అనుకోవచ్చును. ఉత్తరాది ప్రాజెక్టులకు, ఢిల్లీ కార్యాలయానికి బదిలీపై వెళ్లిన మన సిబ్బంది చాలామంది ఉన్నారు. వారు మొదటి చలికాలంలోనే బజారుకు వెళ్లి వెయ్యి, రెండు వేల వాట్ల హీటర్ కొంటారు. అది ఒక యూనిట్‌కు ఒక యూనిట్ వేడి మాత్రమే ఇస్తుంది. దుకాణాలలో "హాట్ అండ్ కోల్డ్" ఏసీ అనే పేరుతో అమ్మేది హీట్ పంపే. ఢిల్లీ చలి దానికి ఒక లెక్కలోనిది కాదు. అదే వేడిని మూడవ వంతు విద్యుత్తుతో ఇస్తుంది. వేసవి కోసం ఏసీ ఎలాగూ కొనవలసిన వారు కొద్దిపాటి అదనపు ధరకు ఆ రకం కొనుక్కుంటే రెండు కాలాలూ గడుస్తాయి.

ఇంకొక మాట చేతులు జోడించి చెబుతున్నాము. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించిన కుటుంబాలు తెల్లవారి లేవని వార్తలు ఉత్తర భారతం నుండి ప్రతి చలికాలంలోను వస్తూనే ఉన్నాయి. మిచిగన్‌లో పగిలిన ఇనుప గది ద్వారా రాబోయిన వాయువు, ఈ కుంపటి నుండి వచ్చే వాయువు ఒక్కటే. అక్కడ ఒక మెకానిక్ వచ్చి చూసి ఆపాడు. కుంపటిని ఆపడానికి ఎవరూ రారు. ప్రాజెక్టు కాలనీలలో కొత్తగా చేరిన కుర్రవాళ్లకు, కాపలా సిబ్బందికి, కాంట్రాక్టు కార్మికులకు ఈ సంగతి మీ నోటితో చెప్పండి. నిప్పు ఉన్న గదిలో నిద్ర వద్దు. నిద్రపోయే గదిలో నిప్పు వద్దు.

చివరిగా మా తప్పు నేర్పిన పాఠం. ఇంటిని వెచ్చబరిచే యంత్రం ఎంచుకోదలచిన వారు, యంత్రం పేరు ఎత్తక ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

1. ఇంటికి ఏ ఇంధనం వస్తున్నది, గొట్టంలోనా, ట్యాంకులోనా, తీగలోనా?
2. ఇంటికి చేరిన ఒక యూనిట్ వేడికి ఒక్కొక్క ఇంధనంతో ఎంత పడుతున్నది?
3. ఆ ఊరిలో గట్టి చలి ఎన్ని డిగ్రీలు, అది ఎన్ని రోజులు?
4. ఇల్లు వేడిని నిలుపుకొంటున్నదా, జారవిడుచుకొంటున్నదా?

ఈ నాలుగింటికీ జవాబులు రాసుకుంటే, ఏ యంత్రం కొనాలో ఆ కాగితమే చెబుతుంది. ఏ మోటారునైనా ముట్టుకునే ముందు దాని నేమ్ ప్లేట్ చదవాలని మన శిక్షణ కేంద్రంలో మొదటి రోజునే చెబుతారు. ముప్పై యేళ్లుగా ఇతరులకు ఆ మాట చెబుతూ వచ్చిన మేము, ఒక ఇంటి నేమ్ ప్లేట్ చదవకుండానే తీర్పు చెప్పాము. నిదానమే ప్రధానమన్న పెద్దల మాట మాకు మరొకసారి గుర్తుకు వచ్చింది. తప్పును సకాలంలో ఎత్తి చూపిన మిత్రులకు కృతజ్ఞతలు. ఇకమీదట సందేహాలు పంపే పాఠకులు, యంత్రం పేరుతో పాటు ఇటీవలి బిల్లు నకలును కూడా జతపరచవలసిందిగా మనవి.